అప్పీలు కోర్టు చూసేది కాగితాన్నే: పరభాషా కోర్టులో తెలుగు ముద్దాయి, నమ్మలేని సాక్ష్యం

క్లుప్తంగా: క్రిమినల్ అప్పీలులో సాక్షులు మళ్లీ బోనెక్కరు. కింది కోర్టులో రాసుకున్న వాంగ్మూలాలు, కోర్టు సాక్ష్యంగా గుర్తించి ఎగ్జిబిట్ నంబరు వేసిన పత్రాలు, నిపుణుల నివేదికలు మాత్రమే పై కోర్టు ముందుకు వస్తాయి. చట్టం ఒప్పుకోని సాక్ష్యం అందులో చేరి ఉంటే దాన్ని పక్కన పెట్టి, మిగిలినది శిక్షకు చాలుతుందా అని చూస్తారు. విచారణ పద్ధతిలో లోపం జరిగి ఉంటే, దానివల్ల ముద్దాయికి నష్టం జరిగిందా అని అడుగుతారు. ఈ రెండూ వేర్వేరు పరీక్షలు. కోర్టు భాష రాని ముద్దాయికి జరిగే నష్టం చాలావరకు రికార్డుకు ఎక్కదు కాబట్టి రెండో పరీక్షలో అతను ఓడిపోయే ప్రమాదం ఎక్కువ.

అప్పీలంటే రెండో విచారణ కాదు

మదనపల్లె, హిందూపురం, కదిరి వైపు నుంచి బెంగళూరు వచ్చి భవన నిర్మాణంలో, డ్రైవింగులో, హోటళ్లలో పనిచేసే తెలుగువారు ఎందరో ఉన్నారు. వారిలో ఎవరికైనా సెషన్స్ కోర్టు శిక్ష వేస్తే ఇంటివాళ్లు వకీలును మొదట అడిగేది ఒక్కటే: హైకోర్టులో సాక్షులను మళ్లీ పిలిపించి నిజం చెప్పించలేమా? అరుదుగా తప్ప కుదరదు. అప్పీలు కోర్టు అదనపు సాక్ష్యం తీసుకోవడానికి బీఎన్ఎస్ఎస్ (క్రిమినల్ విచారణ పద్ధతిని చెప్పే కొత్త చట్టం, 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది) 432వ సెక్షన్ వీలు కల్పిస్తుంది. పాత సీఆర్‌పీసీలో ఇది 391. కానీ కింది కోర్టులో తగిన శ్రద్ధ పెట్టినా ఆ సాక్ష్యం తేలేకపోయామని చూపించాలి. అప్పుడు వదిలేసిన ఖాళీలను ఇప్పుడు పూడ్చుకుంటామంటే ఒప్పుకోరు.

మరి హైకోర్టు చేసేదేమిటి? 427వ సెక్షన్ ప్రకారం శిక్షను రద్దుచేసి నిర్దోషిగా వదలవచ్చు, మళ్లీ విచారణ జరపమనవచ్చు, నేరం సెక్షన్ మార్చవచ్చు, శిక్ష తగ్గించవచ్చు. ముద్దాయి వేసుకున్న అప్పీలులో మాత్రం శిక్షను పెంచడానికి వీల్లేదు. ప్రభుత్వమే నిర్దోషి తీర్పు మీద అప్పీలుకు వెళ్తే కొలత మారుతుంది. కర్ణాటక నుంచి వెళ్లిన చంద్రప్ప కేసులో 2007లో సుప్రీంకోర్టు ఆ సూత్రాలను వరుసగా చెప్పింది. నేరం రుజువయ్యేదాకా ముద్దాయి నిర్దోషే అన్న భావన విడుదల తీర్పుతో ఇంకా బలపడుతుంది. రెండు అభిప్రాయాలకూ తావుంటే పై కోర్టు కింది కోర్టు తీర్పును కదపకూడదు.

2024 జులై 1కి ముందే దాఖలై పెండింగులో ఉన్న అప్పీళ్లు పాత సీఆర్‌పీసీ ప్రకారమే సాగుతాయి. ఈ వ్యాసంలో వచ్చే నియమాల సారం రెండు చట్టాల్లోనూ దాదాపు ఒక్కటే.

గుంటూరు నుంచి లండన్ దాకా వెళ్లిన ఈటె

నమ్మలేని సాక్ష్యాన్ని అప్పీలులో ఎలా ఏరివేస్తారో అర్థం కావాలంటే ఇప్పటికీ మన గుంటూరు జిల్లా కేసు దగ్గరికే వెళ్లాలి. పులుకూరి కోటయ్య కేసులో గుంటూరు సెషన్స్ కోర్టు హత్యానేరం కింద శిక్షలు వేసింది, మద్రాసు హైకోర్టు వాటిని ఖాయం చేసింది, విషయం లండన్‌లోని ప్రివీ కౌన్సిల్‌కు, అంటే అప్పట్లో మనకున్న చివరి అప్పీలు కోర్టుకు చేరింది. 1946 డిసెంబరులో వచ్చిన ఆ తీర్పును నేటికీ దేశమంతటా రోజూ ఉదహరిస్తున్నారు.

పోలీసు కస్టడీలో ఉన్న మనిషి, ఈటెతో పొడిచానని, దాన్ని ఫలానా చోట దాచానని, వస్తే చూపిస్తానని చెప్పాడు. ఈటె దొరికింది. ఇందులో సాక్ష్యంగా నిలిచేదెంత? ప్రివీ కౌన్సిల్ కత్తి ఉదాహరణతో వివరించింది. ఇంటి చూరులో దాచిన కత్తిని తీసిస్తానని ఒకడు చెబితే, దానివల్ల బయటపడేది కత్తి ఒక్కటే కాదు, అది అక్కడ ఉందని వాడికి తెలుసన్న సంగతి. అంతవరకే ఒప్పుకోవాలి. 'ఫలానావాణ్ని పొడిచిన కత్తి' అన్న ముక్కకు, కత్తి దొరికిన చోటుకు సంబంధం లేదు. కాబట్టి ఆ ముక్క పనికిరాదు. సాక్ష్య చట్టం 27వ సెక్షన్‌గా ఉన్న ఈ నియమం ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమంలో 23వ సెక్షన్‌కు మినహాయింపు నిబంధనగా ఉంది.

అదే కేసులో రెండో లోపమూ ఉంది. దర్యాప్తులో సాక్షులు పోలీసులకు చెప్పిన మాటలు రాసుకున్న నోటుపుస్తకం డిఫెన్స్ చేతికి సకాలంలో అందలేదు. ఇక్కడ ప్రివీ కౌన్సిల్ వేరే కొలత వాడింది. ఆ కాగితాలు అసలే ఇవ్వకపోతే ముద్దాయికి నష్టం జరిగిందనే అనుకోక తప్పదు, కానీ ఈ కేసులో ఆలస్యంగానైనా అందాయి, నష్టం కనబడలేదు, కాబట్టి ఈ లోపం సరిదిద్దుకోదగ్గదేనంది. పనికిరాని ఒప్పుకోలు విషయంలో మాత్రం, దాన్ని తీసేసి మిగతా సాక్ష్యం శిక్షకు చాలుతుందో లేదో చూడమని కేసును తిరిగి మద్రాసు హైకోర్టుకే పంపింది.

ఏరివేసినంత మాత్రాన శిక్ష కూలిపోదు. అంతకు ముందు 1939లో పాకాల నారాయణస్వామి కేసులో ముద్దాయి పోలీసులకు ఇచ్చిన వాంగ్మూలం చెల్లదని ప్రివీ కౌన్సిలే చెప్పింది. అయినా మిగిలిన సాక్ష్యం చాలునని అప్పీలు కొట్టేసింది. వాంగ్మూలం చెల్లదని వాదించి ఊరుకునే అప్పీలు సగం అప్పీలే. అది పోతే మిగిలేదేమిటో, అది ఎందుకు చాలదో ముక్కముక్కగా చూపించాలి.

బెంగళూరు కోర్టుల్లో ఇది పాత చరిత్ర కాదు. కర్ణాటక నుంచి వెళ్లిన ఒక హత్య కేసులో 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, కస్టడీ వాంగ్మూలాన్ని మొత్తంగా ఎగ్జిబిట్ చేసే అలవాటును గట్టిగా తప్పుపట్టింది. పనికొచ్చే రెండు వాక్యాల కోసం రెండు పేజీల ఒప్పుకోలు రికార్డులోకి ఎక్కితే, దాన్ని చదివిన మనసు మీద ముద్ర పడకుండా ఉండదు. ఎగ్జిబిట్ నంబరు వేసే రోజునే వకీలు లేచి అభ్యంతరం చెప్పి, పనికొచ్చే భాగాన్ని మాత్రమే గుర్తించమని అడగాలి. నార్కో పరీక్ష సంగతీ అంతే. మనిషి ఇష్టం లేకుండా నార్కో (మందిచ్చి మత్తులో ప్రశ్నించడం), పాలిగ్రాఫ్ (అబద్ధాన్ని పట్టే యంత్రం), బ్రెయిన్ మ్యాపింగ్ పరీక్షలు చేయడం రాజ్యాంగ విరుద్ధమని 2010 మే 5న సెల్వి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అదీ కర్ణాటక నుంచి వెళ్లిన కేసే. ఒప్పుకుని చేయించుకున్నా ఆ మాటలు నేరుగా సాక్ష్యం కావు. వాటి ఆధారంగా తర్వాత దొరికిన వస్తువు, సంగతి మాత్రమే 27వ సెక్షన్ కొలతలో చెల్లుతాయి.

'కొట్టినాడు' అంటే ఎవరికి ఏమి వినబడింది

కర్ణాటక కింది కోర్టుల భాష కన్నడం, తమిళనాడులో తమిళం, హైకోర్టుల్లో ఇంగ్లీషు. సాక్షి తెలుగులో చెబితే అది మూడు భాషలు దాటి అప్పీలు ఫైలుకు చేరుతుంది. ఊహకు ఒక సాక్షిని తీసుకుందాం. అనంతపురం మనిషి బోనులో నిలబడి 'మా అన్న కట్టె తీసి కొట్టినాడు' అన్నాడు. సగం తెలుగు వచ్చిన కన్నడ గుమాస్తా చెవికి అది 'కట్టిగె తెగెదు కొట్ట' లాగా వినబడవచ్చు. కన్నడలో కొట్ట అంటే ఇచ్చాడు. కట్టె తీసి ఇచ్చినవాడికి, దానితో బాదినవాడికి చట్టంలో ఎంతో తేడా ఉంది. అలాగే 'నిన్ను చంపుతా' అని ఇంట్లో పిల్లల్ని కసిరే మాట ఇంగ్లీషు వాంగ్మూలంలో హత్యా బెదిరింపుగా, అక్కడి నుంచి నేరానికి ప్రేరణగా మారిపోతుంది. 'మామ' అంటే మేనమామా, భార్య తండ్రా, లేక ఊరికే స్నేహితుడా అన్నది సాక్షిని అడిగి రాయకపోతే హైకోర్టులో ఎవరూ చెప్పలేరు.

దీనికి చట్టంలో రక్షణ ఉంది, వాడుకోవడమే తక్కువ. వాంగ్మూలం ముద్దాయికి అర్థంకాని భాషలో సాగుతుంటే, దాన్ని బహిరంగ కోర్టులో అతనికి తెలిసిన భాషలో వివరించాలని బీఎన్ఎస్ఎస్ 314 చెబుతోంది. సాక్షి కోర్టు భాషలో కాక వేరే భాషలో చెబితే, వీలైతే ఆ భాషలోనే రాసుకోవాలి, వీలు కాకపోతే అప్పటికప్పుడు సరైన అనువాదం తయారుచేయాలి అంటుంది 312. 313 వీటన్నిటికంటే విలువైనది. వాంగ్మూలం పూర్తయ్యాక దాన్ని సాక్షికి చదివి వినిపించాలి, రాసుకున్న భాష అతనికి రాకపోతే అతని భాషలో చెప్పాలి. ఫలానా మాట తానలేదని సాక్షి అంటే, జడ్జి దాన్ని దిద్దవచ్చు. దిద్దకపోతే ఆ అభ్యంతరాన్ని విడిగా నమోదు చేయవచ్చు. అలా పడిన రెండు వరుసల నమోదు అయిదేళ్ల తర్వాత అప్పీలులో పనికొస్తుంది.

దుబాసీ ఎవరన్నది మరో చిక్కు. అందుబాటులో ఉన్నవారితో పని కానిచ్చేస్తారు: బెంచి క్లర్కో, పక్కనున్న వకీలో, ఒక్కోసారి కోర్టు డ్యూటీ కానిస్టేబులో. 1969 ప్రమాణాల చట్టం ప్రకారం దుబాసీ కూడా ప్రమాణం చేయాలి. నిజాయితీగా అనువదించే బాధ్యత అతనిపై ఉందని బీఎన్ఎస్ఎస్ 317 చెబుతోంది. అనువదించింది ఎవరో, ప్రమాణం చేశారో లేదో వాంగ్మూలం మొదటి పేజీలో కనబడాలి. కానిస్టేబులు అనువదిస్తుంటే అదే రోజు మెమో దాఖలు చేయాలి. ఆర్డర్ షీటులో (కోర్టు రోజువారీ నమోదులో) ఆ మాట లేకుండా హైకోర్టుకు వెళ్లి 'మా మనిషికి కన్నడం రాదు' అంటే, వకీలు ఉన్నాడు కదా, క్రాస్ ఎగ్జామినేషన్ చేశాడు కదా, నష్టమేమిటని అడుగుతారు. 'న్యాయానికి విఘాతం' కలిగితేనే తీర్పును రద్దుచేయాలన్న 511వ సెక్షన్, అభ్యంతరాన్ని ముందే లేవనెత్తారా అని కూడా చూడమంటుంది.

నలభై ప్రశ్నలకు ఒకటే 'గొత్తిల్ల'

ప్రాసిక్యూషన్ సాక్ష్యం ముగిశాక జడ్జి ముద్దాయినే ప్రశ్నిస్తాడు. పాత సీఆర్‌పీసీలో ఇది 313వ సెక్షన్, ఇప్పటి బీఎన్ఎస్ఎస్‌లో 351. తనకు వ్యతిరేకంగా వచ్చిన ప్రతి అంశాన్నీ అతని ముందు పెట్టి, ఏమంటావని అడగాలి. అడగని అంశాన్ని శిక్షకు వాడకూడదని 1984లో శరద్ సార్దా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పరిస్థితుల సాక్ష్యాన్ని గొలుసులా, ఎక్కడా తెగకుండా రుజువు చేయాలన్న అయిదు సూత్రాలు చెప్పిందీ ఆ తీర్పులోనే.

కన్నడం రాని ముద్దాయి దగ్గర ఇది తంతుగా మారిపోయే ప్రమాదం ఉంది. ముందే తయారైన ప్రశ్నల షీటులో జవాబుల గళ్లలో రెండే మాటలు: సుళ్ళు, గొత్తిల్ల. అంటే అబద్ధం, తెలియదు. ఇవి రెండూ ఒకటే అనిపిస్తాయి గానీ కావు. తన గదిలో రక్తపు చొక్కా దొరికిందన్న ప్రశ్నకు 'అబద్ధం' అన్నవాడు ఆరోపణను ఖండించాడు. 'తెలియదు' అన్నవాడు తనకు మాత్రమే తెలిసివుండాల్సిన విషయానికి వివరణ ఇవ్వలేదని ప్రాసిక్యూషన్ వాదిస్తుంది. తనకు ప్రత్యేకంగా తెలిసిన విషయాన్ని ఆ మనిషే రుజువు చేయాలనే సాక్ష్య చట్టం 106, ఇప్పటి 109వ సెక్షన్ అక్కడ అడ్డం తిరుగుతుంది. ప్రశ్నే అర్థం కాక తల ఊపిన మనిషి నోట ఆ మాట వచ్చిందని కాగితం చెప్పదు.

దీనికి విరుగుడు 351లోనే ఉంది. ముద్దాయి రాతపూర్వక వాంగ్మూలం ఇవ్వవచ్చు. తెలుగులో రాయించి, అనువాదంతో కలిపి ఇస్తే అదే రికార్డు అవుతుంది. ప్రశ్నించడంలో లోపాన్ని అప్పీలు దాకా దాచుకోవడం తెలివైన పని కాదు. లోపం చిన్నదైతే హైకోర్టే ముద్దాయిని మళ్లీ ప్రశ్నించి సరిదిద్దవచ్చు.

సంచి, సీలు, రిజిస్టరు

డీఎన్ఏ నివేదిక వచ్చిందంటే కేసు అయిపోయిందనుకుంటారు. ప్రయోగశాల చెప్పేది తన చేతికి వచ్చిన సంచిలోని మరక గురించే. ఆ సంచి ఘటనాస్థలి నుంచి వచ్చిందేనా, మధ్యలో ఎవరైనా విప్పారా అన్నది ప్రయోగశాలకు తెలియదు. తేనీ జిల్లా సురులి జలపాతం దగ్గర 2011లో జరిగిన జంట హత్య కేసులో మరణశిక్ష పడిన వ్యక్తిని సుప్రీంకోర్టు 2025 జులైలో విడుదల చేసింది. డీఎన్ఏ నమూనాలు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లాయో తేలకపోవడం అందుకు ఒక ముఖ్య కారణం. అదే తీర్పు దేశమంతటికీ నిబంధనలు పెట్టింది. నమూనా కవరు మీద ఎఫ్ఐఆర్ నంబరు, తేదీ, దర్యాప్తు అధికారి వివరాలు, సంతకాలు ఉండాలి. 48 గంటల్లో అది ఫోరెన్సిక్ ప్రయోగశాలకు చేరాలి, ఆలస్యమైతే కారణం రాయాలి. ట్రయల్ కోర్టు అనుమతి లేకుండా కవరు విప్పకూడదు, మళ్లీ సీలు వేయకూడదు. సేకరించిన నాటి నుంచి కేసు తేలేదాకా చేతులు మారిన వివరాలన్నీ ఒక రిజిస్టరులో ఉండాలి, అది కోర్టు రికార్డులో చేరాలి.

అప్పీలు తయారుచేసేవారు ఒక తెల్లకాగితం మీద తేదీలు వరుసగా రాసుకుంటే చాలా సంగతులు బయటపడతాయి. మహజరు (పంచనామా) తేదీ, స్టేషన్ ప్రాపర్టీ రిజిస్టరులో చేరిన తేదీ, కర్ణాటకలోనైతే పీఎఫ్ (ప్రాపర్టీ ఫారం) నంబరు పడి మేజిస్ట్రేటు ముందుకు వెళ్లిన తేదీ, ప్రయోగశాల రసీదు తేదీ. ఆరో తేదీన పట్టుకున్న చొక్కా ఇరవయ్యో తేదీన ప్రయోగశాలకు చేరితే, మధ్యలో పద్నాలుగు రోజులు అది ఎక్కడుంది? ప్రయోగశాల నివేదికలో 'సీళ్లు చెక్కుచెదరలేదు, పంపిన నమూనా సీలుతో సరిపోయాయి' అన్న వాక్యం ఉందా? సీలు ముద్ర దర్యాప్తు అధికారి దగ్గరే ఉండిపోయిందా? నిల్వ చేసిన తీరు కూడా ముఖ్యమే. రక్తపు తడి ఉన్న బట్టను నీడలో ఆరబెట్టి కాగితం కవరులో పెట్టాలి. తడిగానే ప్లాస్టిక్ సంచిలో మూటకడితే బూజు పట్టి డీఎన్ఏ పాడైపోతుంది. పాడైన నమూనా నుంచి వచ్చే అసంపూర్ణ ఫలితం ఒక మనిషిని ఖాయంగా పట్టివ్వలేదు. తీర్పులో మాత్రం 'డీఎన్ఏ సరిపోయింది' అనే ఉంటుంది.

చూసిన కళ్లు, తీసిన కెమెరా

ఎంతమంది సాక్షులున్నారన్న లెక్క చట్టానికి అక్కర్లేదు. మద్రాసు రాష్ట్రం నుంచి వెళ్లిన వడివేలు తేవర్ కేసులో 1957లో సుప్రీంకోర్టు సాక్షులను మూడు రకాలుగా చూసింది: పూర్తిగా నమ్మదగినవారు, పూర్తిగా నమ్మలేనివారు, రెంటికీ మధ్యనున్నవారు. మొదటి రకం ఒక్కరున్నా చాలు. మధ్యరకం సాక్షి మాటకు వేరే ఊతం కావాలి. అప్పీళ్లలో గొడవ ఎప్పుడూ ఈ మధ్యరకం దగ్గరే. అపరిచితుణ్ని రాత్రిపూట క్షణకాలం చూసిన సాక్షి, గుర్తింపు పరేడ్ (నిందితుణ్ని ఇతరుల మధ్య నిలబెట్టి గుర్తించమనడం) లేకుండా రెండేళ్ల తర్వాత బోనులో ఉన్నవాణ్ని 'ఇతనే' అంటే బలం తక్కువ. పరేడ్‌కు ముందే ఫొటో చూపించి ఉంటే ఆ పరేడ్‌కూ విలువ లేదు.

సీసీటీవీ విషయంలో తప్పు మరోచోట జరుగుతుంది. కాపీ తీసిన పెన్‌డ్రైవ్‌కు సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ ఉండాలి, కొత్త నమూనాలో హ్యాష్ విలువ (ఫైలులో ఏ మార్పు జరిగినా మారిపోయే గుర్తింపు సంఖ్య) కూడా రాయాలి. డీవీఆర్ (కెమెరా దృశ్యాలు రికార్డు చేసే పెట్టె) గడియారం అసలు సమయానికి ఎన్ని నిమిషాలు ముందుందో వెనకుందో స్వాధీనం చేసుకునే రోజునే రాసుకోకపోతే, పది నిమిషాల తేడాతో ముద్దాయి వేరే చోట ఉన్నాడన్న వాదన తేలకుండా పోతుంది. యంత్రం చెప్పిందల్లా నిజమనుకుంటే ఏమవుతుందో బ్రిటన్ చూసింది. పోస్టాఫీసు హొరైజన్ కంప్యూటర్ లెక్కలను నమ్మి 900 మందికి పైగా సబ్-పోస్టుమాస్టర్లకు శిక్షలు వేశారు. 2021 ఏప్రిల్‌లో అప్పీలు కోర్టు 39 మంది శిక్షలు రద్దుచేసింది, మిగతావారి కోసం 2024లో పార్లమెంటే చట్టం చేయాల్సి వచ్చింది. అప్పీళ్లు అయిపోయాక కూడా అనుమానాస్పద శిక్షలను పరిశీలించే కమిషన్ ఆ దేశంలో 1997 నుంచి ఉంది. అలాంటి సంస్థ మనకు లేదు, ఉండాలి. 2009లో మరణశిక్ష వేసిన ఆరుగురిని పదేళ్ల తర్వాత, 2019 మార్చిలో, సుప్రీంకోర్టే నిర్దోషులని వదిలి తలా 5 లక్షల పరిహారం ఇవ్వమంది. అక్కడిదాకా వెళ్లే దారి రివ్యూ పిటిషన్ (ఇచ్చిన తీర్పును మళ్లీ చూడమని అదే కోర్టును అడగడం) కావడం వాళ్ల జీవితాలను ఎంత సన్నని దారానికి వేలాడదీసిందో ఆలోచించాలి.

కాగితం మీది లెక్క

సాక్షి తడబాటును హైకోర్టు చూడలేదు, కానీ పత్రాన్ని మాత్రం కింది కోర్టు చూసినంత బాగానే చూడగలదు. అందుకే పత్రాల మీద నడిచే కేసుల్లో అప్పీలు బలంగా ఉంటుంది, తప్పు చేస్తే అదీ పెద్దదవుతుంది. చెన్నై నుంచి బెంగళూరుకు బదిలీ అయిన జయలలిత ఆస్తుల కేసులో 2015 మే 11న కర్ణాటక హైకోర్టు నలుగురినీ వదిలేసింది. పది అప్పుల మొత్తాన్ని తీర్పు 24,17,31,274 రూపాయలుగా చూపింది. అవే అంకెలు కూడితే 10,67,31,274 వస్తుంది. తేడా 13.5 కోట్లు. ఆదాయాన్ని మించిన ఆస్తి 8.12 శాతమే, పది శాతం లోపేనన్న తీర్పు ఆ కూడిక మీద నిలబడింది. లెక్క సరిచేస్తే అది 76 శాతం దాటుతుంది. 2017 ఫిబ్రవరి 14న సుప్రీంకోర్టు ట్రయల్ కోర్టు తీర్పును పునరుద్ధరించింది. అదే కేసు 2012లో ముద్దాయిల హక్కు వైపు మరో మేలు చేసింది. ప్రాసిక్యూషన్ ఎగ్జిబిట్ చేయకుండా కోర్టు కస్టడీలో వదిలేసిన పత్రాలను కూడా చూసుకునే అవకాశం ముద్దాయికి ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్పింది. పోలీసులు సేకరించి, తమకు నచ్చక పక్కన పెట్టిన కాగితాల్లోనే ఒక్కోసారి నిర్దోషిత్వం ఉంటుంది.

గడువులు, కాపీలు, వకీలు

సెషన్స్ కోర్టు తీర్పు మీద హైకోర్టుకు 60 రోజులు, మరణశిక్షయితే 30, మేజిస్ట్రేటు తీర్పు మీద సెషన్స్ కోర్టుకు 30. సర్టిఫైడ్ కాపీ రావడానికి పట్టిన కాలాన్ని మినహాయిస్తారు. గడువు దాటినా తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించమని అడగవచ్చు. పరప్పన అగ్రహారలోనో పుళల్‌లోనో ఉన్న ఖైదీ వకీలు లేకపోయినా 424వ సెక్షన్ కింద జైలు సూపరింటెండెంటు ద్వారానే అప్పీలు పంపుకోవచ్చు. శిక్ష నిలుపుదల, బెయిలు 430 కింద విడిగా అడగాలి. అప్పీలు వేసినంత మాత్రాన శిక్ష ఆగదు.

జైలుశిక్ష పడిన వారికి తీర్పు ప్రతి వెంటనే ఉచితంగా ఇవ్వాలని అందరికీ తెలుసు. అదే 404వ సెక్షన్‌లో ఇంకో మాట ఉంది, అడిగేవారే కనబడరు: అప్పీలు చేసుకోదగ్గ తీర్పయితే, ముద్దాయి కోరితే, వీలైనంతవరకు అతని సొంత భాషలో అనువాదం కూడా ఉచితంగా ఇవ్వాలి. తెలుగులో కావాలని దరఖాస్తు పెట్టుకోవచ్చు.

కస్టడీలో ఉన్నవారెవరికైనా ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం దక్కుతుంది, 15100 నంబరుకు ఫోను చేసి అడగవచ్చు. యావజ్జీవం, మరణశిక్ష పడే అవకాశమున్న కేసుల్లో కోర్టు నియమించే వకీలుకు కనీసం పదేళ్ల ప్రాక్టీసు ఉండాలని, కేసు చదువుకోవడానికి మామూలుగా ఏడు రోజులైనా ఇవ్వాలని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. వకీలు రాలేదన్న కారణంతో అప్పీలును కొట్టేయకూడదని, రికార్డు చదివి తేల్చాల్సిందేనని 1996లోనే చెప్పింది. అప్పగించిన వకీలుకు తెలుగు రాకపోతే మొదటి భేటీకి దుబాసీ కావాలని న్యాయసేవా సంస్థకు రాతపూర్వకంగా అడగాలి. రికార్డు ప్రతి చేతికి వచ్చాక ముద్దాయిని కూర్చోబెట్టి తెలుగులో వాంగ్మూలాలు చదివి వినిపించాలి. 'నేనలా అనలేదు', 'వాడు చెప్పింది అది కాదు' అన్న మాటలు ఏ పేజీ దగ్గర వచ్చాయో ఆ పేజీ నంబర్లతోనే అప్పీలు కారణాలు రాయడం మొదలుపెట్టాలి.